వేర్ల దగ్గర జరిగే మాటలు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, రికవరీ గురించి కార్యదర్శి అక్క లెక్కలతో సహా చెప్పేసింది. నేను చెప్పబోయేది వేరే సంగతి. మట్టిలో ఉండే బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, మనం వేసే పైరు, ఇవి ఒకదానికొకటి కబురు ఎట్లా చెప్పుకుంటాయి అనేది. మహాసభలో చెప్పాల్సిన సంగతేనా ఇది అనుకోవచ్చు. చెప్పాల్సిందే. మనలో చాలామందిమి సంఘంలో తీసుకున్న అప్పు ఎక్కడ పెడతాం? విత్తనం కాడ, ఎరువు కాడ, మందు కాడ. ఆ ఎరువు, ఆ మందు ఈ కబుర్లలోనే పోయి పడతాయి. కొన్నిసార్లు కబురు నడవకుండా అడ్డం కూడా పడతాయి. అందుకని ఇది డబ్బు సంగతే.

నేను చదివింది పదో తరగతి. ఇందులో సగం ప్రకృతి సేద్యం శిక్షణల్లో విన్నది, సగం మా పాప ఇంటర్ బైపీసీ పుస్తకాలు పట్టుకుని దాని పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నది. పేర్లు కొన్ని నోరు తిరగవు. నాకూ తిరగలేదు, నాలుగుసార్లు అంటే తిరిగినాయి.

తొలకరి వాన పడితే కమ్మగా మట్టి వాసన వస్తుంది కదా. వట్టి మట్టికి ఆ వాసన ఉండదు. మట్టిలో స్ట్రెప్టోమైసిస్ అని ఒక రకం బ్యాక్టీరియా ఉంటుంది, అది తయారుచేసే పదార్థం వాసన అది. దానికి 1965లో జియోస్మిన్ అని పేరు పెట్టినారు. వానచినుకు పడగానే అది గాలిలోకి లేస్తుంది. సరే, ఆ బ్యాక్టీరియా దాన్ని ఎందుకు తయారు చేస్తోంది? మనం ఆహా అనుకోవడానికి కాదు గదా. 2020లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలిందేమంటే, మట్టిలో గెంతుతూ తిరిగే నలుసంత పురుగులు, స్ప్రింగ్‌టెయిల్స్ అంటారు, అవి ఆ వాసనకు వస్తాయి. వచ్చి ఆ బ్యాక్టీరియాను తింటాయి. దాని బీజాలు వాటి ఒంటికి అంటుకుంటాయి, కడుపులోంచి కూడా బయటికొస్తాయి, ఇంకో చోట మొలుస్తాయి. పువ్వు తేనెటీగను రప్పించుకున్నట్టే అన్నమాట.

నేను కబురు, పిలుపు, మాట అంటున్నాను గానీ వాటికి నోరు లేదు, చెవి లేదు, మనలాగా ఆలోచించి చెప్పేదీ లేదు. ఒకటి ఒక రసాయనాన్ని వదులుతుంది. దానికి సరిపోయే గ్రాహకం ఇంకోదాంట్లో ఉంటుంది, తాళానికి తాళంచెవి ఉన్నట్టు. అది పట్టుకుంటుంది, పట్టుకున్నాక దాని నడవడి మారుతుంది. అంతే. మనం చేలో పెట్టే లింగాకర్షక బుట్టలు మీకు తెలుసు. బుట్టలో పెట్టే ఎర, ఆడ రెక్కల పురుగు మగదాన్ని పిలిచే రసాయనం. దాన్ని మనుషులు తయారుచేసి రబ్బరులో పెట్టినారు. పురుగుల భాషలో ఒక మాట మనం నేర్చుకుని దాంతోనే వాటిని పట్టుకుంటున్నాం. మొక్కలది, సూక్ష్మజీవులదీ ఇదే పద్ధతి.

ఇక మన వేరుశనగ. ఈ మండలంలో శెనక్కాయ వెయ్యని ఇల్లు తక్కువ. చెట్టు పీకినప్పుడు వేర్లకు గుండ్రంగా, సజ్జ గింజంత బొడిపెలు కనబడతాయి. కొందరు అది రోగమనుకుని భయపడతారు. రోగం కాదు. అది చెట్టు పెట్టుకున్న యూరియా ఫ్యాక్టరీ.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. చెట్టు చుట్టూ అంత నత్రజని ఉన్నా చెట్టు దాన్ని అట్లాగే తీసుకోలేదు. రైజోబియం అనే బ్యాక్టీరియా తీసుకోగలదు, కానీ ఆ పని చెయ్యడానికి దానికి కూడు కావాల, ఇల్లు కావాల. 1888లో బెయరింక్ అనే హాలెండ్ శాస్త్రవేత్త ఈ బొడిపెల్లోంచి ఆ బ్యాక్టీరియాను విడదీసి చూపించినాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎట్లా కనుక్కుంటారు అనేది తెలియడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

ముందు పిలిచేది చెట్టు. వేర్లలోంచి ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు మట్టిలోకి వదులుతుంది. ఉల్లిపాయ పైపొరకు రంగిచ్చేవి కూడా ఈ కుటుంబం పదార్థాలే. మట్టిలో ఉన్న రైజోబియం ఆ పిలుపు అందుకుని తిరిగి జవాబిస్తుంది. ఆ జవాబు ఇంకో రసాయనం. దాని పేరు నాడ్ ఫ్యాక్టర్, నాడ్ అంటే ఇంగ్లీషులో ఆ బొడిపె పేరును కురచ చేసిన మాట. 1990లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు అది ఏ పదార్థమో కనుక్కున్నారు. అది ఎంత తక్కువ మోతాదులో పనిచేస్తుందంటే, ట్రాక్టరు వెనక కట్టే 5,000 లీటర్ల ట్యాంకర్లు 200 తెచ్చి, అన్ని నీళ్ళల్లో ఒక్క గ్రాము కలిపితే ఎంత పలచన అవుతుందో, అంత పలచనలో కూడా వేరు దాన్ని గుర్తుపడుతుంది. మన కూరలో ఉప్పు తక్కువైతే మనం గుర్తుపట్టేది దీని ముందు ఏపాటిది.

జవాబు అందాక వేరు తలుపు తీస్తుంది. చాలా పప్పుజాతి మొక్కల్లో వేరు మీది నూగు వంకర తిరిగి బ్యాక్టీరియాను చుట్టుకుని లోపలికి దారి ఇస్తుంది. వేరుశనగలో అట్లా కాదు, పక్కవేర్లు పుట్టుకొచ్చే చోట సన్నని సందు పడుతుంది కదా, ఆ సందులోంచి పోతుంది. లోపల కణాలు పెరిగి బొడిపె తయారవుతుంది. చెట్టు ఆకుల్లో వండిన చక్కెరను దానికి పంపిస్తుంది. బ్యాక్టీరియా గాలి నత్రజనిని చెట్టుకు పనికొచ్చే రూపంలోకి మార్చి ఇస్తుంది.

ఒక బొడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీగానో ఎర్రగానో ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, లేకపోతే పని చెయ్యని రకం. పచ్చగా, గోధుమ రంగుగా ఉంటే పని అయిపోయినట్టు. ఆ ఎరుపు మన ఒంట్లో హిమోగ్లోబిన్‌కు చుట్టం, లెగ్‌హిమోగ్లోబిన్ అంటారు, అందులోనూ ఇనుము ఉంటుంది. ఏఎన్ఎం అమ్మ రక్తం శాతం చూసి మనకు ఐరన్ మాత్రలు ఇచ్చినట్టు, చెట్టు ఆరోగ్యం కూడా ఆ ఎరుపులో కనబడుతుంది అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. బొడిపెను పోషించడం చెట్టుకు ఖర్చు. మట్టిలోనే నత్రజని దండిగా దొరికితే చెట్టు ఆ ఖర్చు పెట్టదు. పిలుపు తగ్గిస్తుంది, వచ్చినవాళ్ళకు తలుపు తియ్యదు, ఉన్న బొడిపెలు కూడా మందగిస్తాయి. అంటే యూరియా బస్తా మీద బస్తా పోసిన చేలో చెట్టు మనమిచ్చింది తిని ఊరుకుంటుంది, ఊరికే వచ్చేదాన్ని వదులుకుంటుంది. మా ఊరి పొలాల్లో పెంట దిబ్బలు వేసిన చోట చూడండి, చెట్టు నల్లగా ఏపుగా ఉంటుంది, పీకితే వేర్లకు బొడిపెలు పలచగా ఉంటాయి. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా వేరుశనగకు నత్రజని మొదట్లో కొద్దిగా చాలంటారు, బొడిపెలు కట్టేదాకా మొలకకు ఆసరాగా. ఆ కొద్దిని దాటిపోతేనే తంటా. యూరియా అసలే వద్దని నేను చెప్పడం లేదు. వరికి, మొక్కజొన్నకు ఈ బొడిపెలు లేవు, వాటి లెక్క వేరు. శెనక్కాయకు, కందికి, అలసందకు, పెసరకు వరి లెక్క పెట్టొద్దు అంటున్నాను.

ఇంకొకటి చెప్తే మీరు నవ్వుతారు. బొడిపెలో చేరిన బ్యాక్టీరియా అన్నీ పని చెయ్యవు. చక్కెర తిని నత్రజని ఇవ్వని సోమరులూ ఉంటాయి. 2003లో సోయాచిక్కుడు మీద ఒక ప్రయోగం చేసినారు. కొన్ని బొడిపెల చుట్టూ నత్రజని లేని గాలి పెట్టినారు, అప్పుడు పాపం లోపలి బ్యాక్టీరియా ఇద్దామన్నా ఇవ్వలేదు. చెట్టు ఏం చేసిందంటే, ఆ బొడిపెలకు ప్రాణవాయువు తగ్గించేసింది. అక్కడి బ్యాక్టీరియా పెరుగుదల సగానికి పడిపోయింది. కిస్తీ కట్టని సభ్యురాలికి మళ్ళీ అప్పు ఇవ్వం చూడండి, అట్లాగే. మనం కష్టం విని గడువన్నా ఇస్తాం, చెట్టు అదీ ఇవ్వదు.

రైజోబియం కల్చర్ ప్యాకెట్ల గురించి మన సమాఖ్యలో చర్చ జరుగుతోంది, అందరికీ కలిపి ఒకేసారి కొనాలా అని. నా అభిప్రాయం చెప్తాను. ఈ పిలుపూ జవాబూ ఏ పంటకు ఆ పంటకు వేరుగా ఉంటాయి. వేరుశనగ, కంది, అలసంద దాదాపు ఒక గుంపు బ్యాక్టీరియాతో సరిపెట్టుకుంటాయి. రబీలో వేసే పప్పుశనగకు వేరే రకం కావాల. పేరులో శనగ ఉంది కదా అని వేరుశనగ ప్యాకెట్ తెచ్చి పప్పుశనగకు పట్టిస్తే తాళంచెవి సరిపోదు. రెండోది, ఏళ్ళ తరబడి శెనక్కాయ వేసిన చేలల్లో ఈ బ్యాక్టీరియా ముందే ఉంటుంది. అక్కడ ప్యాకెట్ వేసినా పెద్దగా తేడా కనబడకపోవచ్చు. ఎప్పుడూ పప్పుజాతి పంట వెయ్యని కొత్త భూమి, బీడు, అట్లాంటి చోట తేడా తెలుస్తుంది. కాబట్టి ఊరందరికీ లెక్కగట్టి కొనే ముందు ఎవరి చేలో వాళ్ళు వేర్లు చూడాలి.

కొన్నవాళ్ళు మాత్రం ఒకటి మరవొద్దు. ప్యాకెట్‌లో ఉన్నవి ప్రాణం ఉన్న జీవులు. ఎండలో, అటక మీద రేకుల కింద పెడితే చస్తాయి. గడువు తేదీ చూసి తీసుకోండి. బెల్లం నీళ్ళు కాచినాక బాగా చల్లారనిచ్చి కలపండి, విత్తనానికి పట్టించి నీడలోనే ఆరబెట్టండి. తెగులు మందు, కల్చరు ఒకే గిన్నెలో కలిపితే కల్చరు కాస్తా చచ్చి డబ్బు దండగ.

ఇంతసేపు చెట్టుకు, బ్యాక్టీరియాకు నడిచే మాట చెప్పాను. బ్యాక్టీరియాకు బ్యాక్టీరియాకు కూడా మాట ఉంది. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు వింటే మనది మనకే చెప్పినట్టుంటుంది. కోరం సెన్సింగ్! 1994లో పెట్టినారు ఆ పేరు. గ్రామ సంఘం మీటింగులో కోరం లేకపోతే తీర్మానం చెల్లదు కదా, అచ్చం అదే. ఒక్కో బ్యాక్టీరియా కొంచెం కొంచెంగా ఒక రసాయనం వదులుతూ ఉంటుంది. నాలుగు ఉన్నప్పుడు అది కలిసిపోయి కనబడకుండా పోతుంది. వేలకు లక్షలు చేరినప్పుడు ఆ రసాయనం చిక్కబడుతుంది. అంత చిక్కదనం తగిలితే, మందిమి చేరినాం అని అన్నీ ఒకేసారి పని మొదలుపెడతాయి. హవాయి దీవుల కాడ సముద్రంలో ఒక చిన్న జాతి స్క్విడ్ ఉంది. దాని ఒంట్లో ఉండే బ్యాక్టీరియా ఇట్లాగే కోరం చూసుకుని వెలుగు ఇస్తుంది. ఒకటీ అరా ఉంటే వెలగదు.

మనకు వెలుగుతో పని లేదు, వంగతో, టమాటతో పని. పచ్చగా ఉన్న టమాట చెట్టు ఉన్నట్టుండి పొద్దుటికి వాలిపోతుంది, ఆకు పసుపు కూడా కాదు. నీళ్ళు తక్కువై వాడిందని తడి పెడతాం. ఇంకా వాలుతుంది. అది రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా తెచ్చే ఎండు తెగులు కావచ్చు. అది వేరులోంచి లోపలికి పోయి, తక్కువ మంది ఉన్నంతసేపు చప్పుడు చెయ్యదు. కోరం చేరినాక జిగురు తయారుచేసి, నీళ్ళు పైకి పోయే గొట్టాలను మూసేస్తుంది. అందుకే మనకు కనబడేటప్పటికి ఆలస్యం అయిపోయి ఉంటుంది.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. వాలిన చెట్టు కాండం మొదట్లో జానెడు ముక్క కోసి, గాజు గ్లాసులో తేట నీళ్ళు పోసి, కోసిన వైపు నీళ్ళలో మునిగేట్టు కదలకుండా పట్టుకోండి. కాసేపట్లో పాల దారం లాగా తెల్లగా కిందికి జారితే బ్యాక్టీరియానే. జారకపోతే శిలీంధ్రం తెగులో, ఇంకోటో. ఇది ఎందుకంటే, బ్యాక్టీరియా తెగులుకు శిలీంధ్రం మందు కొడితే ఒక్క పైసా పని చెయ్యదు. దుకాణంలో అడిగితే డబ్బా ఇస్తాడు, తప్పు ఆయనదీ కాదు, మనం చెట్టు చూపించకుండా వాలింది అన్నాం, అంతే. తెల్ల దారం కనబడితే ఆ చెట్లు వేర్లతో సహా తీసేసి చేనుకు దూరంగా తగలబెట్టండి, ఆ సాలు నీళ్ళు పక్క సాలుకు పారనివ్వొద్దు, తర్వాతి పంట మళ్ళీ వంగ, టమాట, మిరప వెయ్యకుండా జొన్నో మొక్కజొన్నో వెయ్యండి.

ఈ కోరం మాటను చెడగొట్టే జీవులు కూడా ఉన్నాయి. బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాలో కొన్ని, పక్కవాళ్ళ సంకేత రసాయనాన్నే ముక్కలు చేసేస్తాయి. 2000లో సింగపూర్ శాస్త్రవేత్తలు ఆ జన్యువును తీసి, కుళ్ళు తెగులు తెచ్చే బ్యాక్టీరియాలో పెట్టి చూస్తే, దాని కుళ్ళబెట్టే బలం బాగా తగ్గిపోయింది. చంపలేదు, కోరం కుదరనివ్వలేదు.

శిలీంధ్రాల మాట చెప్పకపోతే కథ సగమే. శిలీంధ్రం అనగానే ఊరగాయ మీద బూజు గుర్తొస్తుంది మనకు. మట్టిలో మేలు చేసే రకం ఉంది, మనవాళ్ళు వ్యామ్ అంటారు. నేల మీది మొక్కల జాతుల్లో నూటికి 70కి పైగా దీంతో పొత్తు పెట్టుకున్నాయి. ఆవ, క్యాబేజీ, ముల్లంగి కుటుంబం మాత్రం పెట్టుకోలేదు. స్కాట్లాండులో దొరికిన 40 కోట్ల ఏళ్ళ నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఈ శిలీంధ్రం జాడ ఉంది, అంత పాత సంబంధం. వేరు పోలేని సందుల్లోకి వెంట్రుక కంటే సన్నని దాని దారాలు పోయి భాస్వరం తెచ్చి ఇస్తాయి. బదులుగా చెట్టు చక్కెర, కొవ్వు పెడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు కథ ఉంది. జొన్న చేలో మల్లె అని ఒక కలుపు మొలుస్తుంది, తలలో పెట్టుకునే మల్లె కాదు, జొన్న వేరుకు తగులుకుని రసం పీల్చేది. దాని గింజ దుమ్ములాగా ఉంటుంది, పదేళ్ళు దాటినా మట్టిలో చావకుండా పడి ఉంటుంది. పక్కన సరైన వేరు వస్తేనే మొలుస్తుంది. వేరు వచ్చిందని దానికి ఎట్లా తెలుస్తుంది? వేరు వదిలే ఒక రసాయనం వల్ల. 1966లో అమెరికాలో దాన్ని పత్తి వేర్ల నుంచి తీసినారు. ఇప్పుడు ఆ కుటుంబం మొత్తాన్ని స్ట్రిగోలాక్టోన్లు అంటారు. అయితే పైరు తన శత్రువును నిద్ర లేపే మందు తానే ఎందుకు వదులుతుంది? దాదాపు 40 ఏళ్ళు ఎవరికీ అర్థం కాలేదు. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చెప్పినారు. ఆ పిలుపు మల్లెకు కాదు, శిలీంధ్రానికి. భాస్వరం తక్కువైన చెట్టు, వచ్చి ఆదుకోమని శిలీంధ్రానికి కబురు పెడుతుంది. ఆ కబురు అందితే శిలీంధ్రం దారాలు కొమ్మలు వేసుకుంటూ వేరు వైపు వస్తాయి. మల్లె చాటున నిలబడి ఆ కబురు విని పెళ్ళికి పిలవని చుట్టంలా దిగుతుంది.

ఇందులో మనకు రెండు పనికొచ్చే మాటలున్నాయి. భాస్వరం దండిగా పోస్తే, అంటే డీఏపీ అవసరానికి మించి వేస్తే, చెట్టు ఈ కబురు తగ్గించేస్తుంది, శిలీంధ్రం పొత్తు పలచబడుతుంది. యూరియా కథే మళ్ళీ. రెండోది, పత్తి, అలసంద, వేరుశనగ వేర్లు కూడా మల్లె గింజను మొలిపిస్తాయి, కానీ ఆ వేర్లకు అది అతుక్కుని బతకలేదు. మొలిచి, ఆసరా దొరక్క చస్తుంది. మన పెద్దలు జొన్న మీద జొన్న వెయ్యొద్దు, మార్చి వెయ్యమన్నది ఊరికే కాదు. ఆఫ్రికాలో కెన్యా దేశపు పడమటి జిల్లాల్లో ఈ మల్లె మొక్కజొన్నను తినేస్తుంది. అక్కడి చిన్న రైతులు, చాలామంది ఆడవాళ్ళే, మొక్కజొన్న సాళ్ళ మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి పశుగ్రాసం వేస్తున్నారు. దాని వేర్లు వదిలే రసాయనాల వల్ల మల్లె నిలవదు, గడ్డి పాడికి పనికొస్తుంది. గట్ల మీద నేపియర్ గడ్డి వేసి కాండం తొలిచే పురుగును అటు లాగుతారు.

గాలిలో నడిచే కబుర్లు మీకు నాకంటే ఎక్కువ తెలుసు. మామిడికాయలు వరిగడ్డిలో మాగబెట్టేటప్పుడు ఒక పండిన కాయను మధ్యలో పెడతాం. పండిన కాయ వదిలే ఇథిలిన్ అనే వాయువు తగిలి మిగతావీ పండుతాయి. మన నాయనమ్మలకు పేరు తెలియదు, పని తెలుసు. కార్బైడ్ పెట్టడం చట్టప్రకారం నేరం, అది వేరే వాయువు, దాంట్లో విషపు కలుషితాలుంటాయి. పండ్ల వ్యాపారం చేసే అక్కలు అది గుర్తుంచుకోవాల.

పురుగు ఆకు కొరికితే వచ్చే వాసన ఇంకో కబురు. 1990లో అమెరికాలో మొక్కజొన్న ఆకును ఊరికే గీరి చూసినారు, గీరిన చోట రబ్బరు పురుగు నోటి రసం రాసి చూసినారు. నోటి రసం తగిలిన మొక్కే కొన్ని గంటల తర్వాత ఒక ప్రత్యేకమైన వాసన ఎక్కువగా వదిలింది. ఆ వాసనకు చిన్న కందిరీగలు వచ్చాయి, పురుగు ఒంట్లో గుడ్లు పెట్టేవి. అంటే ఎవరు కొరికారో చెట్టుకు తేడా తెలుస్తోంది. చెట్టు లోపల ఈ హెచ్చరికను నడిపే ముఖ్యమైన పదార్థం కుటుంబానికి జాస్మోనేట్లు అని పేరు, ఎందుకంటే 1962లో దాన్ని మొదట జాజిపూల నూనెలోంచి తీసినారు. మనం జడలో పెట్టుకునే పరిమళంలో చెట్ల అపాయపు కబురు కూడా ఉంది చూడండి.

కంది మీద రెండు పురుగులు కనబడగానే మందు కొడితే, ఈ పిలుపుకు వచ్చిన కందిరీగలు కూడా చస్తాయి. పురుగు మళ్ళీ త్వరగా పెరుగుతుంది, కందిరీగ పెరగదు. మందు వేయాల్సిన రోజు ఉంటుంది, కాదనను. ముందు వేపగింజల కషాయం, పక్షి స్థావరాలు, లింగాకర్షక బుట్టలు చూసి, లెక్క దాటితేనే ఆ రోజు.

ఒక హెచ్చరిక చెప్పి ముగిస్తాను. చెట్లు మాట్లాడుకుంటాయి, అడవిలో తల్లి చెట్టు భూమి కింద దారాల గుండా పిల్ల చెట్లను సాకుతుంది అని వీడియోలు తిరుగుతున్నాయి. 1997లో కెనడా అడవుల్లో బర్చ్, ఫర్ చెట్ల మధ్య కర్బనం చేరినట్టు చూపించిన మాట నిజమే. 2023లో కొందరు శాస్త్రవేత్తలు, అందులో ఇదే రంగంలో పనిచేసినవాళ్ళు కూడా ఉన్నారు, తల్లి చెట్టు కథకు అంత సాక్ష్యం లేదని రాసినారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ కథలు చూపించే డబ్బాలు అమ్మేవాళ్ళు ఊళ్ళల్లోకి వస్తున్నారు. మా పక్క ఊరిలో ఒకాయన, వేర్లతో మాట్లాడే మందు అని ఒక సీసా తెచ్చినాడు. ఏ జీవి ఉంది, ఎన్ని ఉన్నాయి, గడువు ఎప్పటిదాకా అని మా సంఘం అక్క అడిగితే లేబుల్ మీద ఏదీ లేదు. ఆమె కొనలేదు. ఈ మూడూ అడగకుండా సంఘం డబ్బు ఎవరూ పెట్టొద్దు.

విత్తిన 35 రోజులకు మీ శెనక్కాయ చేలో ఒక్కో మూల ఒకటి, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు చెట్లు తీయండి. పీకితే బొడిపెలు మట్టిలోనే తెగిపోతాయి, పారతో మట్టి పెళ్ళతో సహా ఎత్తి, బకెట్ నీళ్ళలో నానబెట్టి కడగండి. బొడిపెలు లెక్కపెట్టి, పది చీల్చి, ఎన్ని ఎర్రగా ఉన్నాయో చీటీ మీద రాసి, ఏ ఎరువు ఎంత వేశారో కూడా రాసి మీ వివోఏకి ఇవ్వండి. వచ్చే నెల మీటింగులో అన్ని ఊళ్ళ చీటీలు పక్కపక్కన పెట్టి చూద్దాం. కల్చర్ ప్యాకెట్లు ఏ ఊరికి కావాలో, ఏ ఊరికి అక్కర్లేదో అప్పుడు తీర్మానం చేద్దాం. కోరం ఉండేట్టు అందరూ రండి.